ఎర్రదాని నోరు

ఇనుముకు రుచి ఉంటుంది.

పొద్దున్నే, చలిలో, ఖాళీ కడుపుతో నోట్లో పెట్టుకుంటే ఆ రుచి తెలుస్తుంది. ముందు చల్లదనం. పళ్ళు జివ్వుమంటాయి. దవడ బిగుసుకుంటుంది. తర్వాత — నెమ్మదిగా — నాలుక అంచున ఒక తీపి.

వాన రాబోయే ముందు గాలికి ఉండే తీపి.

ఆమెకు ఆ తీపి తెలుసు. పదిహేనేళ్ళుగా తెలుసు.

ఆమె గుర్రాలకు కళ్ళేలు చేస్తుంది. కళ్ళెంలో తోలు అందరికీ కనిపిస్తుంది. ఇనుము కనిపించదు. అది గుర్రం నోట్లో ఉంటుంది — నాలుక మీద, ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ నడుమ పళ్ళు మొలవని ఖాళీలో. అక్కడ చిగురు పల్చన. చిగురు కిందే ఎముక. కత్తి వీపు లాంటి ఎముక.

ఆ ఎముక మీద ఆనే ఇనుమే ఆమె పని.

నాన్న దగ్గర నేర్చుకుంది. నాన్నకు ఒక్కటే నియమం. గుమ్మం దాటే ప్రతి ఇనుమూ ముందు నీ నోట్లోకి వెళ్ళాలి. వంద లెక్కపెట్టాలి. వందా నిలవలేకపోతే ఆ ఇనుము మళ్ళీ కొలిమిలోకి.

స్వారీ బడిలో ఆమెకు పేరు పెట్టారు. ఇనుము నమిలే అక్క.

నవ్వితే నవ్వనీ అనుకుంది. వంద లెక్కపెట్టింది. రోజూ.

ఒక్క ఇనుముకి తప్ప.

*

ఆమె పని గది గుర్రపుశాల వెనక. ఒక కిటికీ. ఒక కొలిమి. ఒక బల్ల. గోడ నిండా మేకులు, మేకుల నిండా ఇనుములు. గాలి వీస్తే అవి ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతాయి.

నల్ల ఇనుము చూడ్డానికి అసహ్యం. తుప్పు పడుతుంది. ఆ తుప్పే గుర్రానికి ఇష్టం. నోరు ఊరుతుంది, ఊరిన నోరు మెత్తబడుతుంది. రాగి అంతకంటే తొందరగా ఊరిస్తుంది, పుల్లగా కొరుకుతుంది. కానీ రాగిది మెత్తటి ఒళ్ళు. ఏడాది నమిలితే అంచులు లేస్తాయి. ఆ అంచులు కోస్తాయి. అల్యూమినియం తేలికని చెప్పి అమ్ముతారు. నోరు ఎండబెట్టేస్తుంది, గుటక పడదు. రబ్బరు మెత్తనిదే — నోరు తడిగా ఉన్నంతసేపు.

ఉక్కు మెరుస్తుంది. తుప్పు పట్టదు. రుచి లేదు. కొనేవాళ్ళకు భలే ఇష్టం.

కొనేవాళ్ళ నోట్లోకి వెళ్ళదుగా.

ఇక ఆకారాలు. ఒక్క కడ్డీగా ఉండేది నాలుక మీద బరువుగా కూర్చుంటుంది. నడుమ ఒక కీలు పెడితే రెండు ముక్కలవుతుంది; లాగితే అడకత్తెరలా మూసుకుంటుంది, కీలు లేచి అంగిట్లో పొడుస్తుంది. రెండు కీళ్ళు పెట్టి మధ్యలో చిన్న బిళ్ళ వేస్తే మూడు ముక్కలు — అది నాలుకకు ఒదిగి పడుకుంటుంది. ఇనుముకు రెండు పక్కలా పొడవాటి కాడలు దించి, గడ్డం కింద గొలుసు కడితే అది వేరే లెక్క. చేతిలో ఒక పాలు లాగితే నోట్లో నాలుగు పాళ్ళు పడుతుంది.

ఒక్కో స్వారీకి ఒక్కో ఇనుము. పశువుల్ని తోలే రౌతులు కాడల ఇనుమే వాడతారు, కానీ పగ్గం లాగరు. వదులుగా వేలాడనిస్తారు. వేలు కదిపితే చాలు, గుర్రానికి అర్థమవుతుంది. గుర్రం మీద బంతాట ఆడేవాళ్ళు ఉన్న పళంగా ఆపి, ఉన్న పళంగా తిప్పుతారు. వాళ్ళ గుర్రాల నోళ్ళు ఆమె చూడలేదు, చూడాలనీ లేదు. అడుగులు నేర్పి ఆడించేవాళ్ళు ఒకే నోట్లో రెండు ఇనుములు పెడతారు. రెండు పగ్గాలు, నాలుగు వేళ్ళ మధ్య, దారం పట్టుకున్నట్టు. బండి గుర్రానికి గట్టి కడ్డీ. అది వెనక బరువును తలచుకుంటూ నడుస్తుంది.

పశువుల రౌతు ఇనుము బంతాటగాడి చేతికిస్తే దవడ పగులుతుంది.

ఇనుములో తప్పు లేదు. చేతిలో తప్పు లేదు.

ఆ చేతికి ఆ ఇనుము ఇచ్చిన వాళ్ళది తప్పు.

*

ఎర్రది ఎనిమిది నెలల కింద వచ్చింది.

ఆడగుర్రం. ఎండలో నిలబడితే కాల్చిన ఇటుక రంగు. సన్న మూతి. పొడుగు కాళ్ళు. అమ్మినవాడు బండి లాగిన గుర్రమని చెప్పాడు. నెమ్మదస్తురాలని చెప్పాడు. బడి యజమాని నమ్మాడు. స్వారీ మాస్టారు నమ్మాడు.

స్వారీ మాస్టారు అంటే ఆమె తమ్ముడే.

మొదటి వారమే ఒక చీటీ పంపాడు. ఎర్రది ఆగట్లేదు, లాగేస్తోంది. వెడల్పు అయిదున్నర అంగుళాలు. రబ్బరు వద్దు, ఉక్కు, ఒక కీలు.

చేసింది. నోట్లో పెట్టుకుంది. వంద లెక్కపెట్టింది. పంపింది.

మూడో వారం ఇంకో చీటీ. ఇంకా లాగుతోంది. సన్నటి ఇనుము కావాలి.

సన్నం అంటే కోత. తెలుసు. చేసింది.

రెండో నెల కాడలు. మూడో నెల ఇంకా పొడుగు కాడలు. గొలుసు బిగుతుగా.

అప్పుడు ఒక్కసారి నోరు విప్పింది.

"ఒరేయ్, ఇనుము మార్చిన కొద్దీ ముదురుతోందంటే గొడవ ఇనుముది కాదేమోరా."

"అక్కా, నువ్వు కొలిమి దగ్గర కూర్చో. గుర్రం మీద కూర్చునేవాణ్ణి నేను."

ఆమె కొలిమి దగ్గర కూర్చుంది.

అదే ఇప్పుడు మండుతోంది. అతను అన్న మాట కాదు. తను కూర్చోవడం.

పదేళ్ళు తనూ గుర్రం మీదే బతికింది. పందెపు గుర్రాల్ని పొద్దున్నే పరుగు తీయించే పని. మోకాలు విరిగి, వంకరగా అతికి, కొలిమి దగ్గరికి వచ్చి పడింది. ఆ సంగతి తమ్ముడికి తెలుసు. బడిలో అందరికీ తెలుసు. అయినా కూర్చోమనగానే కూర్చుంది. పిల్లిలా. ముంగిలా.

కిందటి నెల చివరి చీటీ వచ్చింది.

మెలి తీగ. రెండు ఉక్కు తీగలు, తాడులా పేని.

పేనింది. మెలి మెలికీ ఒక అంచు. ఆకురాయి పెట్టినా పోని అంచు. ఆ సాయంత్రం దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. నోటి దాకా తెచ్చింది. పెదవికి చల్లగా తగిలింది.

దించేసింది.

గుడ్డలో చుట్టి పంపేసింది.

*

నిన్న ఎర్రది తమ్ముణ్ణి పడేసింది.

పన్నెండు మంది నేర్చుకునేవాళ్ళు చూస్తుండగా. మైదానమంతా పరిగెత్తి, ముందు కాళ్ళు లేపి, వెనక్కి విసిరేసింది. మాస్టారు వెళ్ళి నీళ్ళ తొట్టి పక్కన బురదలో పడ్డాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే ఎర్రదాని మీదికి లారీని పిలిచింది.

లారీ మూడు గంటలకు.

ఇక్కణ్ణుంచి ఆ లారీ ఎక్కిన గుర్రం మరో బడికి వెళ్ళదు. అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

మధ్యాహ్నం ఒంటిగంటకు తమ్ముడు పని గదికి వచ్చాడు. నడుముకు కట్టు. కుంటుతున్నాడు. గుడ్డ మూట ఒకటి బల్ల మీద పెట్టాడు.

"కడిగి మేకుకు తగిలించు అక్కా. ఇంకో దానికి పనికొస్తుంది."

వెళ్ళిపోయాడు.

మూట విప్పింది.

మెలి తీగ. చివరలకు పగ్గాలు ఇంకా తగిలించే ఉన్నాయి. మెలికల సందుల్లో ఎండిన రక్తం. ఒక మెలిలో — గోరంత — తోలు కాదు, గడ్డి కాదు.

నాలుక ముక్క.

గాలి వీచింది. గోడ మీద ఇనుములు మోగాయి.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అరికాలు నుంచి వచ్చింది. మోకాలి దగ్గర ఒక్క క్షణం ఆగింది, పైకి ఎక్కింది. తమ్ముడి మీద. అమ్మినవాడి మీద. చీటీల మీద. అయిదున్నర అంగుళాల మీద. మెరిసే ఉక్కు మీద. తన చేతుల మీద — ముఖ్యంగా తన చేతుల మీద.

ఎనిమిది నెలలు. అయిదు ఇనుములు.

ఒక్కసారి కూడా ఆ నోరు చూడలేదు.

నాన్న ముందు నోరు చూసేవాడు. వేలు పెట్టి, పుల్ల పెట్టి కొలిచేవాడు. తర్వాతే ఇనుము. ఆమె చీటీ చూసింది. ఇనుము చూసింది. వంద లెక్కపెట్టి, తన నోరే గుర్రం నోరనుకుంది.

మెలి తీగను అలాగే పట్టుకుని లేచింది.

*

ఎర్రది శాలలో చివరి గదిలో ఉంది. గోడ వైపు తిరిగి. మేత ముట్టలేదు.

మనిషి అడుగు వినగానే తల పైకెత్తేసింది. చేయి చాచగానే పళ్ళు బిగించింది. ఆమె చేయి అక్కడే ఉంచింది. ఎంతసేపో. బయట ఆకులు రాలుతున్న చప్పుడు. చివరికి వెచ్చటి ఊపిరి ఒకటి అరచేతి మీద పడింది.

పెదవి పక్కగా వేలు దూర్చింది.

నోరు తెరుచుకుంది.

నాలుక అంచు కోసుకుపోయి ఉంది. రెండు వైపులా చిగురు నల్లగా వాచింది. ఎడమ వైపు చీరుకుపోయి, లోపల తెల్లగా —

ఎముక.

అంగిట్లో పాత పుండు, మానిన మచ్చ. మొదటి ఇనుము కీలు పొడిచిన చోటు. తను చేసిన కీలు. పుల్ల పెట్టి వెడల్పు కొలిచింది. అయిదు అంగుళాలు కూడా లేవు. అరంగుళం ఎక్కువైన ఇనుము ఎనిమిది నెలలు ఈ నోట్లో అటూ ఇటూ జారింది, రంపంలా.

అప్పుడు పై పెదవి ఎత్తింది. చూద్దామని కూడా కాదు. పుండు ఎంత దూరం పాకిందోనని.

పెదవి లోపల అంకెలు.

పచ్చబొట్టు. వెలిసిపోయిన నీలం. ఒక అక్షరం, అయిదు అంకెలు.

వేలితో తుడిచి మళ్ళీ చూసింది.

బండి గుర్రాలకు పెదవి లోపల పచ్చబొట్టు పొడవరు. పశువుల రౌతులు పొడవరు. పందెం మైదానంలోనే పొడుస్తారు — ఒక గుర్రం పేరుతో మరో గుర్రం పరిగెత్తకుండా. పదేళ్ళు ఆమె అలాంటి పెదవుల్నే రోజూ ఎత్తి చూసింది.

ఎర్రది పందెపు గుర్రం.

అంతే. అంతా అర్థమైపోయింది. శాల గోడలు ఊడి పక్కకు పడ్డట్టు అర్థమైంది.

పందెపు గుర్రం ఇనుము మీద వాలి పరిగెత్తుతుంది. పగ్గం బిగిస్తే దానికి అది ఆసరా. బిగిస్తే — పో. ఇంకా బిగిస్తే — ఇంకా పో. గీత దాటాక రౌతు లేచి నిలబడి చేతులు వదిలేస్తాడు. వదిలితే — చాలు.

ఇక్కడ దాన్ని ఆపాలని లాగారు.

అది చెప్పినట్టు పరిగెత్తింది.

ఆగట్లేదని ఇంకా గట్టి ఇనుము పెట్టి ఇంకా లాగారు. అది ఇంకా పరిగెత్తింది. నోరు కోసుకుపోతున్నా పరిగెత్తింది. ఎముక బయటపడుతున్నా పరిగెత్తింది. ఎనిమిది నెలలు — ఒక్క రోజు కూడా — మాట జవదాటలేదు.

నిన్న మాత్రం, మొట్టమొదటిసారి, కాదంది.

అందుకు లారీ.

*

లారీ రెండున్నరకే వచ్చేసింది.

గేటు దగ్గర యజమాని, తమ్ముడు, బండి మీద మోచేయి ఆనించిన డ్రైవరు. మబ్బు దిగుతోంది. ఆమె మైదానం అడ్డంగా నడిచి వచ్చింది, వంకర మోకాలితో, చేతిలో మెలి తీగ.

"అది పందెపు గుర్రం" అంది. "పెదవి లోపల ముద్ర ఉంది. దాన్ని ఆపాలంటే లాగకూడదు."

తమ్ముడు యజమాని వైపు చూసి నవ్వాడు. "మా అక్కకి గుర్రమంటే ప్రాణం సార్. ఏదో ఒకటి అంటుంది."

"లాగకుండా ఎలా ఆపుతారమ్మా? బతిమాలా?" డ్రైవరు.

"నువ్వు ఉండవయ్యా కాసేపు" అంది.

ఆమె తమ్ముడి ముందు నిలబడింది. మెలి తీగ అతని మొహం ముందు పెట్టింది.

"నోట్లో పెట్టుకో."

"ఏంటక్కా ఇది, అందరి ముందూ..."

"పెట్టుకో. దాని నోట్లో పెట్టావుగా. వంద వద్దులే, పది లెక్కపెట్టు."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. మొహం ఎర్రబడింది.

"చేసింది నువ్వే కదా" అన్నాడు. గొంతు తగ్గించి.

తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది.

"అవును. నేనే."

మెలి తీగను తన నోట్లో పెట్టుకుంది. పళ్ళ వెనక్కి నెట్టింది. రెండు చివరలా వేలాడుతున్న పగ్గాలు తీసి తమ్ముడి చేతిలో పెట్టి, అతని వేళ్ళు మూసింది. మాట రాని నోటితో, కళ్ళతో, గడ్డంతో చెప్పింది.

లాగు.

అతను లాగలేదు.

ఆమె వెనక్కి అడుగు వేసింది. పగ్గం బిగిసింది. మెలి ఒకటి నాలుకలోకి దిగింది. పెదవి మూల నుంచి ఎర్రగా గడ్డం మీదికి జారింది.

"అక్కా! వదులు. వదులక్కా, నీకు దండం పెడతా."

అతని చేతులు వాటంతటవే తెరుచుకున్నాయి. పగ్గాలు నేల మీద పడ్డాయి.

ఆమె ఆగింది.

డ్రైవరు మోచేయి తీసి నిటారుగా నిలబడ్డాడు. యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"చూశారా అయ్యా?" ఆమె ఇనుము బయటికి తీసింది. మాట ముద్దగా వచ్చింది. "వదిలాడు. ఆగాను."

"నువ్వు మనిషివమ్మా. అది గుర్రం." యజమాని గొంతు కఠినంగా లేదు. భయంగా ఉంది. "రేపు దాని మీద ఒకరి పిల్ల ఎక్కుతుంది. పడితే నేనేం చెప్పను?"

"ఆ గోడ దాకా నిండు పరుగు తీయిస్తాను. గోడ దగ్గర ఆపుతాను."

"ఆగకపోతే?"

"లారీ ఉందిగా. ఇద్దరం ఎక్కుతాం."



యజమాని మబ్బు వైపు చూశాడు. ఆగితే ఉంచుతానన్నాడు. ఆగకపోతే ఈ గుర్రం గురించి మళ్ళీ మాటెత్తకూడదన్నాడు.

సరే అంది.

*

నల్ల ఇనుము తీసుకుంది. మూడు ముక్కలది, బొద్దుగా ఉన్నది. అయిదు అంగుళాలకు ఒక నూలు — అంగుళంలో ఎనిమిదో వంతు — తక్కువ. పుండు మీద ఆనకుండా చెంప తోలును ఒక రంధ్రం పైకి ఎత్తి కట్టింది. నోట్లో పెట్టేముందు అరచేతుల్లో వెచ్చబెట్టింది.

ఎర్రది వద్దంది. తల విసిరింది.

మళ్ళీ చేయి చాచింది. మళ్ళీ ఆగింది. నోరు — నమ్మకం లేకుండా, అలవాటుగా — తెరుచుకుంది.

అది ఆమెను ఇంకా మండించింది. ఇంత చేసినా తెరుచుకునే నోరు.

తమ్ముడు వచ్చి రికాబు పట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోమనలేదు.

"నీ మోకాలు..." అన్నాడు.

"ఎక్కించు."

ఎక్కించాడు. అతని అరచేయి ఆమె మడమ కింద ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంది. ఆమె అతని వైపు చూడలేదు. ఇప్పుడే చూడదలచుకోలేదు.

నడక. దౌడు. మైదానం అంచు వెంట గడ్డి వంగుతోంది. పదిహేనేళ్ళ తర్వాత జీను మీద నడుము తనంతట తనే సర్దుకుంది. మోకాలు అరిచింది. అరవనీ.

మలుపు తిరిగింది. ఎదురుగా నాలుగు వందల గజాలు. చివర రాతి గోడ.

పగ్గం బిగించింది.

పో.

ఎర్రది వాలింది. ఇనుము మీద కాదు — గాలి మీద. ఎనిమిది నెలలుగా దాని ఒంట్లో ఇరుక్కున్న పరుగంతా ఒక్కసారి తెగి బయటికి వచ్చింది. నేల కింద ఉరుము. చెవుల్లో ఉరుము. జుట్టు ఊడి కళ్ళలో కొట్టింది. ఆమె అరుస్తోంది, తిడుతోంది, ఎవరిని తిడుతోందో తెలియదు — చీటీలు రాసినవాణ్ణి, అబద్ధమాడి అమ్మినవాణ్ణి, కూర్చోమంటే కూర్చున్నదాన్ని, వంద లెక్కపెట్టనిదాన్ని —

మూడు వందలు.

రెండు వందలు.

రాళ్ళు విడివిడిగా కనిపిస్తున్నాయి.

గేటు దగ్గర నుంచి కేకలు. తమ్ముడి గొంతు, గాలిలో చిరిగి: "లాగక్కా! లాగు!"

ఆమె చేతులు లాగాలనుకున్నాయి. పదేళ్ళు పందెపు గుర్రాలెక్కిన చేతులు, అన్నీ తెలిసిన చేతులు — గోడను చూడగానే లాగాలనుకున్నాయి. వేళ్ళు బిగుసుకున్నాయి. భుజాలు బిగుసుకున్నాయి. భయం కూడా లాగడమే అని ఆమెకు అప్పుడు తెలిసింది. తమ్ముడికి ఇన్నాళ్ళూ ఉన్నది పొగరు కాదని తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదు.

వంద.

గోడ.

గోడ —

రికాబుల మీద లేచి నిలబడింది.

చేతులు వదిలింది.

పగ్గాలు ఎర్రదాని మెడ మీద పడ్డాయి. వదులుగా. రెండు తోలు ముక్కలు, అంతే.

ఉరుము. ఉరుము. ఉరుము.

ఎర్రదాని చెవి ఒకటి వెనక్కి తిరిగింది.

వింటోంది... ఉరుము నెమ్మదించింది.

ఆమె నాలుక మీద రక్తం. మొహం మీద మొదటి చినుకు. పెదవి దాకా జారింది. చల్లదనం ముందు — తర్వాత, నెమ్మదిగా, నాలుక అంచున —